కాగితపు రాకెట్ల ఊరు పెన్‌రోజ్

నింగికెగసి నేలకొరిగిన బొమ్మ రాకెట్టును తిరిగి నిలబెట్టడం ఒక విద్య. ఆ విద్యకు పుట్టినిల్లనదగిన పల్లె ఒకటి రాకీ పర్వతాల పాదాల చెంత ఉన్నది.

అమెరికాలోని కొలరాడో రాష్ట్ర రాజధాని డెన్వర్ నుండి దక్షిణంగా సాగిపోయే రహదారిలో కుడి వైపున రాకీ పర్వతశ్రేణి, ఎడమ వైపున కనుచూపు మేర పరచుకున్న గడ్డి మైదానం యాత్రికునికి తోడు వస్తాయి. సుమారు 110 కిలోమీటర్లు ప్రయాణించిన పిమ్మట కొలరాడో స్ప్రింగ్స్ పట్టణం ఎదురవుతుంది. దానికి పడమట 4,300 మీటర్ల ఎత్తున పైక్స్ శిఖరం ఆకాశాన్ని ఆనుకొని నిలిచి ఉంటుంది. అక్కడి నుండి 115వ నంబరు రాష్ట్ర రహదారి నైరుతి దిక్కుగా తిరుగుతుంది. ఆ దారికి ఒక పక్క ఫోర్ట్ కార్సన్ సైనిక స్థావరం. మరొక పక్క షైయెన్ పర్వతం. శత్రుదేశాల క్షిపణులు బయలుదేరగానే పసిగట్టి హెచ్చరించేందుకై అమెరికా ప్రభుత్వం 1961లో ఆ పర్వత గర్భాన్ని తొలవడం ప్రారంభించింది. గట్టి నల్లరాతి కింద, పెద్ద పెద్ద స్ప్రింగుల మీద నిలిపిన భవనాలు నేటికీ ఆ కొండ కడుపులో ఉన్నవి.

సరిగా అదే 1961వ సంవత్సరంలో, అదే దారిలో మరికొంత దూరం ముందుకు సాగి, ఒక యువ దంపతుల జంట ఇంకొక విధమైన రాకెట్లకై స్థలం వెదుక్కొన్నది. ఆ రాకెట్లు కాగితంతోను, తేలిక కర్రతోను చేసినవి. అరచేతిలో ఇమిడేవి కొన్ని, మోచేతి పొడవువి కొన్ని. వాటి గమ్యం శత్రువు కోట కాదు. పిల్లవాని తల మీది ఆకాశం. ఆ జంట చేరుకొన్న ఊరి పేరు పెన్‌రోజ్.

ఆపిల్ తోటల నడుమ

కొలరాడో స్ప్రింగ్స్ నుండి యాభై కిలోమీటర్లకు పైబడిన దూరంలో, సముద్రమట్టానికి 1,600 మీటర్ల ఎత్తున పెన్‌రోజ్ ఉన్నది. జనాభా నాలుగు వేలకు లోపే. కొలరాడో స్ప్రింగ్స్‌లో సంపన్నుడుగా పేరుపొందిన స్పెన్సర్ పెన్‌రోజ్ పేరు ఈ ఊరికి వచ్చినది. వర్షాలు తక్కువ. పొట్టి దేవదారు జాతి చెట్లు, ముళ్ల కంపలు, జెముడు, ఎండి పగుళ్లు వారిన నేల. ఇదీ చుట్టుపట్ల దృశ్యం. కాలువల నీరు పారిన మేరకు మాత్రం ఆపిల్ తోటలు పచ్చగా కనిపిస్తాయి. శరదృతువులో ఊరివారు ఆపిల్ పండుగ జరుపుకొంటారు. దక్షిణంగా కొద్ది దూరంలో ఆర్కన్సా నది ప్రవహిస్తుంది. పడమటగా మరికొంత పోతే అదే నది కోసిన రాయల్ గార్జ్ అనే లోతైన లోయ, దాని మీద 1929లో కట్టిన వేలాడే వంతెన యాత్రికులను ఆకర్షిస్తాయి. ఆ వంతెన చూడవచ్చినవారిలో అనేకులు పెన్‌రోజ్‌ను ఒక మలుపుగా మాత్రమే ఎరుగుదురు.

కాని బొమ్మ రాకెట్ల అభిమానికి ఈ ఊరి పేరు కొత్త కాదు. తాను చిన్ననాట పోస్టులో తెప్పించుకొన్న పెట్టె మీద ఆ పేరు చదివి ఉంటాడు. అతనికి ఇది క్షేత్రం వంటిది.

చెప్పుల దుకాణంలో పుట్టిన ఆలోచన

బొమ్మ రాకెట్టు కథ ఇక్కడ మొదలు కాలేదు. నెబ్రాస్కా రాష్ట్రంలోని నార్‌ఫోక్ పట్టణంలో ఆర్విల్ కార్లయిల్ అనే ఆయన పాదరక్షల దుకాణం నడిపేవాడు. బాణసంచా తయారీ ఆయనకు ప్రియమైన వ్యాపకం. ఆయన సోదరుడు రాబర్ట్‌కు బొమ్మ విమానాలంటే మక్కువ. రాకెట్టు ఎగిరే తీరును పదిమందికీ ప్రదర్శించి చూపడానికి సోదరునికి ఒక నమూనా కావలసి వచ్చింది. 1954లో ఆర్విల్ దానిని తయారుచేశాడు. కాగితపు గొట్టం, కర్ర రెక్కలు, తీసివేసి కొత్తది పెట్టుకొనగల తుపాకిమందు గుళిక, తిరిగి క్షేమంగా దిగడానికి చిన్న పారాచూట్. ఇవీ దాని అంగాలు. మన తారాజువ్వ ఒక్కసారి ఎగిరి బూడిద అవుతుంది. ఇది అట్లా కాదు. దిగివచ్చిన దానిలో కొత్త గుళిక పెట్టి మరల ఎగురవేయవచ్చును. ఈ వ్యాసమంతటికీ మూలం ఆ ఒక్క తేడాయే. తిరిగి రానిదానికి మరమ్మతు అన్న మాటే లేదు గదా!

1957లో జి. హ్యారీ స్టయిన్ అనే ఇంజనీరు రాకెట్ల తయారీలో పాటించే భద్రతను గురించి ఒక పత్రికలో వ్యాసం వ్రాశాడు. ఆయన న్యూ మెక్సికోలోని వైట్ శాండ్స్ క్షిపణి పరీక్షా క్షేత్రంలో పనిచేస్తూ ఉండేవాడు. ఆ వ్యాసం చదివిన కార్లయిల్ తన నమూనాలను ఆయనకు పంపాడు. స్టయిన్ వాటిని ఎడారిలో ఎగురవేసి చూచి, వాటి విలువను వెంటనే గుర్తించాడు. ఆ ఏడాది అక్టోబరు 4న సోవియట్ యూనియన్ స్పుత్నిక్‌ను కక్ష్యలో ప్రవేశపెట్టింది. అమెరికా బాలురకు ఒక్కసారిగా రాకెట్ల పిచ్చి పట్టింది. ఇనుప గొట్టాలలో గంధకం, జింకు పొడి, అగ్గిపుల్లల తలలు దట్టించి పెరట్లో ముట్టించసాగారు. వేళ్లు పోయినవారు, చూపు పోయినవారు, ప్రాణాలే పోగొట్టుకొన్నవారు ఉన్నారు. వద్దని చెప్పినంత మాత్రాన ఆగే వయసు కాదు. చేతికి మరొకటి ఇవ్వాలి. స్టయిన్ ఆ సంవత్సరమే డెన్వర్‌లో బొమ్మ రాకెట్ల సంస్థను నెలకొల్పాడు. వాటిని ఎగురవేసేవారికి నియమావళి రూపొందించే జాతీయ సంఘం కూడా అప్పుడే ఏర్పడింది.

లోహం వాడకూడదనడం ఆ నియమావళికి ప్రాణం. దక్షిణ భారతీయ పాఠకునికి ఇందులో ఒక చారిత్రక వైచిత్రి తోచక మానదు. పద్దెనిమిదవ శతాబ్దంలో హైదరాలీ, టిప్పూ సుల్తానుల మైసూరు సైన్యం తుపాకిమందును ఇనుప గొట్టాలలో దట్టించి రాకెట్టును భయంకరమైన ఆయుధంగా మార్చింది. 1799లో శ్రీరంగపట్నం పతనమైన తరువాత ఆ రాకెట్లు ఇంగ్లండు చేరి, విలియం కాంగ్రీవ్ పరిశోధనలకు ఆధారమైనవి. ఇనుప తొడుగు రాకెట్టుకు బలాన్నిచ్చింది. అదే ఇనుము పగిలితే ముక్కలై దూసుకుపోతుంది. రమారమి నూట యాభై ఏండ్ల తరువాత రాకెట్టును పసివాని చేతికి అందించవలసి వచ్చినప్పుడు, ఇనుమును విడిచి కాగితాన్ని ఆశ్రయించవలసి వచ్చినది.

మేబెల్ అనే యంత్రం

స్టయిన్‌కు నమ్మదగిన గుళికలు పెద్ద సంఖ్యలో కావలసివచ్చాయి. డెన్వర్‌లో బాణసంచా వ్యాపారం చేసే ఒక కుటుంబంలోని వెర్న్ ఎస్టీస్ అనే యువకుడు ఆ పనికి పూనుకొన్నాడు. ఆయన నిర్మించిన యంత్రం 1959 జనవరిలో పని ప్రారంభించింది. దానికి మేబెల్ అని ముద్దుపేరు. గట్టి కాగితపు గొట్టంలో ముందుగా బంకమట్టి నాజిల్, దానిపై తుపాకిమందు, ఆపైన మెల్లగా పొగలు కక్కుతూ మండే జాప్యపు మందు, అన్నిటికీ పైన పారాచూట్‌ను వెలుపలికి నెట్టే మందు. ఇట్లా పొరలు పొరలుగా నింపి, అయిదున్నర సెకనులకొకటి చొప్పున ఆ యంత్రం గుళికలను తయారుచేసేది. ఈ గుళికనే అభిమానులు మోటారు అంటారు.

తుపాకిమందుతో వ్యవహారం నగరం నడిబొడ్డున సాగించదగినది కాదు. విశాలమైన స్థలం, దూరదూరంగా కట్టడాలు కావాలి. అందుకే 1961లో వెర్న్, ఆయన భార్య గ్లీడా పెన్‌రోజ్ శివార్లలో 77 ఎకరాల నేల చూచుకొని తమ సంస్థను తరలించారు. ఈ ఊరి నుండి పోస్టు ద్వారా దేశమంతటికీ పెట్టెలు వెళ్లసాగినవి. 1969లో సంస్థ డామన్ అనే కంపెనీ వశమైనది. ఆ తరువాత పలు చేతులు మారి 2018లో జాన్ లాంగ్‌ఫర్డ్ కుటుంబానికి చేరింది. ఈయన బాల్యంలో బొమ్మ రాకెట్లు ఎగురవేసినవాడే. 1988లో క్రీటు ద్వీపం నుండి సాంటోరిని వరకు సముద్రం మీద మనిషి కాలిబలంతో ఎగిరిన డేడలస్ విమాన ప్రయత్నానికి నాయకత్వం వహించినవాడు. యజమానులు మారినా సంస్థ మాత్రం పెన్‌రోజ్‌ను విడిచి పోలేదు.

ఆకాశం మెత్తన, నేల గట్టి

ఇంత ఎత్తున గాలి పలుచన. సముద్రతీరంలోని గాలి కంటె ఇక్కడి గాలి సాంద్రత సుమారు నూటికి పదిహేను వంతులు తక్కువ. నిరోధం తగ్గుతుంది కనుక, తీరప్రాంతంలో ఎగిరిన రాకెట్టే ఇక్కడ మరికొంత పైకి పోతుంది. ఆకాశం ఇట్లా ఉదారంగా ఉన్నా నేల మాత్రం కఠినమైనది. పలుచని గాలిలో పారాచూట్ కూడ కొంచెం వేగంగానే దిగుతుంది. పచ్చిక మీద మెత్తగా వాలవలసిన రాకెట్టు గులకరాళ్ల మీద, జెముడు మీద పడుతుంది. సాయంకాలపు గాలి దానిని ముళ్ల కంపలలోకి ఈడ్చుకుపోతుంది. రెండు, మూడు ప్రయోగాలు ముగిసేసరికి ఒక రెక్క విరుగుతుంది, గొట్టం అంచు నలుగుతుంది, రంగు పెచ్చులూడుతుంది.

అప్పుడు పిల్లవాని ముందు రెండు మార్గాలు ఉంటాయి. పారవేసి కొత్తది కొనుక్కోవడం ఒకటి, బాగుచేసుకోవడం రెండవది. కొనుక్కోవడం సులభం. కాని రాకెట్టు ఎందుకు ఎగురుతుందో, ఎందుకు పడుతుందో నిజంగా తెలియవచ్చేది బాగుచేసేటప్పుడే.

గాయాన్ని చదవడం

మరమ్మతులో మొదటి పని జిగురు తీయడం కాదు, గాయాన్ని చదవడం. ప్రతి దెబ్బ వెనుక ఒక కారణం ఉంటుంది. గొట్టం పైఅంచున చిన్న సొట్ట పడినదంటే, పారాచూట్ బయటకు వచ్చేటప్పుడు ముక్కు మొన రబ్బరు తాడుతో వెనుకకు గుంజుకొని వచ్చి గొట్టానికి కొట్టుకొన్నదన్నమాట. ఇది ఎంత సాధారణమంటే, అభిమానులు ఆ సొట్టకు పెన్‌రోజ్ సంస్థ పేరే పరిహాసంగా పెట్టుకొన్నారు. మందు తాడు పొడవు పెంచడమే. గొట్టం అంచు నుండి కిందికి నిలువుగా చీలిపోయినదంటే, రాకెట్టు ఇంకా వేగంగా పోతూ ఉండగానే పారాచూట్ తెరుచుకొని, తాడు కత్తి వలె కాగితాన్ని కోసినదని అర్థం. దీనిని జిప్పర్ అంటారు. ఇక్కడ లోపం గొట్టంలో లేదు. మోటారు ఎంపికలో ఉన్నది.

మోటారు మీద బి6-4 వంటి గుర్తు ఉంటుంది. అక్షరం మొత్తం శక్తిని తెలుపుతుంది. ఏ కంటె బి, బి కంటె సి రెట్టింపు. మొదటి అంకె సగటు తోపుడు బలం ఎన్ని న్యూటనులో చెబుతుంది. చివరి అంకె, మందు కాలిన తరువాత పారాచూట్ విడుదలకు ఎన్ని సెకనులు పడుతుందో చెబుతుంది. ఆ వ్యవధి రాకెట్టు శిఖరాన్ని అందుకొనే సమయానికి సరిపోవాలి. ముందయినా, వెనుకయినా అది వేగంగా కదులుతూ ఉంటుంది, తాడు కోస్తుంది. మరమ్మతు చేసిన రాకెట్టు జిగురు, లప్పం, రంగుల వలన బరువెక్కుతుంది. బరువెక్కినది అంత ఎత్తుకు పోదు, త్వరగా శిఖరం చేరుతుంది. కాబట్టి దానికి తక్కువ జాప్యంగల మోటారు వాడాలి. చీలికను అతికి, పాత మోటారే పెడితే చీలిక మళ్లీ వస్తుంది.

రెక్క, గొట్టం

రెక్కలు బాల్సా కర్రతో చేసినవి. దక్షిణ అమెరికా అడవులలో పెరిగే ఈ చెట్టు కర్ర అతి తేలిక. చెక్క పోగు రెక్క ముందు అంచుకు సమాంతరంగా ఉంటేనే దానికి బలం. రెక్క విరిగినప్పుడు విరిగిన అంచులు ఒకదానిలోనొకటి చక్కగా కూర్చునేటట్లుంటే వడ్రంగులు వాడే తెల్ల జిగురు పలుచగా రాసి, మైనపు కాగితం మీద పరచి, బరువు పెట్టి ఒక రాత్రి ఉంచితే చాలు. ఆ అతుకు పక్కనున్న చెక్క కంటె గట్టిగా నిలుస్తుంది.

రెక్క మొదలంటా ఊడివస్తే ముందుగా ఆ చోట రంగును పూర్తిగా గీకివేయాలి. జిగురు కాగితాన్నీ, చెక్కనూ పట్టుకొంటుంది గాని రంగును కాదు. రెండు వైపులా జిగురు పలుచగా పూసి కొద్దిసేపు ఆరనిచ్చి, మరొక పూత పూసి అదిమి పట్టాలి. గట్టిపడిన తరువాత రెక్కకూ, గొట్టానికీ మధ్యనున్న మూలలో జిగురు పోసి వేలితో సాఫీగా దిద్దాలి. ఇది అందానికీ, బలానికీ కూడ. రెక్క నిటారుగా నిలిచినదో లేదో గొట్టాన్ని కన్ను ఎదుట పట్టి వెనుక నుండి చూడాలి. కొద్దిగా ఒరిగిన రెక్క రాకెట్టును బొంగరం వలె తిప్పుతుంది. బాగా ఒరిగినది దారి తప్పించి చూపరుల మీదికి తేగలదు.

గొట్టం కొద్దిగా నలిగితే పలుచని సూపర్ గ్లూ ఇంకించి, గట్టిపడ్డాక ఉప్పుకాగితంతో రుద్దితే సరిపోతుంది. మడత పడితే మాత్రం దాచిపెట్టడం తగదు. మడత పడిన చోట కాగితం బలం పోయినది. తరువాతి ప్రయోగంలో తోపుడు బలానికి అక్కడే వంగుతుంది. పాడైన భాగాన్ని పదునైన కత్తితో అడ్డంగా కోసి, లోపల బిగువుగా పట్టే చిన్న గొట్టాన్ని జిగురుతో చొప్పించి, అదే వ్యాసంగల కొత్త ముక్కను తొడగాలి. రబ్బరు తాడు ఎండి పగుళ్లు చూపితే సందేహించక మార్చాలి. తాడు తెగితే రాకెట్టు ఒకచోట, మొన ఒకచోట పడతాయి. పారాచూట్‌కు అండలేని గొట్టం రాయి వలె దిగుతుంది.

లప్పం, రంగు

ఇక సొగసు సంగతి. కొత్త రాకెట్టుకు రంగు వేయడం కంటె పాతదానిని కొత్తదిగా చూపడం కష్టం. గొట్టం మీద కాగితం చుట్టిన గుర్తుగా మర వంటి సన్నని గాడి కనిపిస్తుంది. బాల్సా మీద చెక్క పోగు గరుకుగా ఉంటుంది. రంగు వాటిని దాచదు. మరింత ఎత్తి చూపుతుంది. కనుక ముందు కొయ్య లప్పాన్ని నీళ్లతో పలుచన చేసి కుంచెతో పూయాలి. ఆరిన తరువాత ఉప్పుకాగితంతో రుద్దాలి. మరల పూయాలి, మరల రుద్దాలి. 220 నంబరు కాగితంతో మొదలుపెట్టి 400 వరకు వెళ్తే చెక్క గాజు వలె నునుపు తేలుతుంది.

మన కొండపల్లి బొమ్మలు ఎరిగినవారికి ఈ క్రమం కొత్తగా తోచదు. అక్కడ తేలికైన తెల్లపొణికి కర్ర, అతుకులకు చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కు, దాని మీద సున్నపు పూత, ఆపైన రంగులు. తేలిక కర్రను నమ్ముకొన్న కళాకారుడు ఏ దేశంలోనయినా ఒకే సత్యాన్ని కనుగొంటాడు. రంగు కింద ఏమున్నదో అదే రంగు మీద కనిపిస్తుంది.

లప్పం తరువాత ప్రైమర్, దాని మీద తెల్ల పూత, ఆపైన కోరిన రంగు. ఎరుపు, పసుపు, నారింజ రంగులకు తెల్ల పునాది లేనిదే మెరుపు రాదు. ఆ రంగులే వాడడానికి కారణం సొగసు ఒక్కటే కాదు. ఎండు గడ్డిలో పడిన రాకెట్టు దూరం నుండి కనిపించాలి. ఒక్క దట్టమైన పూత కంటె మూడు పలుచని పూతలు మేలు. దట్టమైనది కారి చారికలు కడుతుంది. ఒక జాతి రంగు మీద మరొక జాతి రంగు వేస్తే ముడతలు పడవచ్చు. ముందుగా వ్యర్థమైన ముక్క మీద వేసి చూడాలి. ఆరినదో లేదో తెలుసుకోవడానికి ముక్కే సాధనం. రంగు వాసన ఇంకా వస్తూ ఉంటే అది ఆరలేదు. రాకెట్టును పట్టుకోవడానికి ఒక చిట్కా ఉన్నది. కాలిపోయిన పాత మోటారు డొల్లను దాని స్థానంలో దూర్చి, దానికొక పుల్ల గుచ్చి పట్టుకొంటే చేతికి రంగు అంటదు, మోటారు గదిలోకి రంగు పోదు. ప్రయోగపు కడ్డీ దూరే సన్నని గొట్టంలో కూడ రంగు పడకూడదు. అక్కడ పట్టేస్తే రాకెట్టు కడ్డీ మీదనే తడబడుతుంది.

నునుపు కంటికి మాత్రమే కాదు. చిన్న రాకెట్టు కూడ గంటకు వందల కిలోమీటర్ల వేగం అందుకొంటుంది. వేగం రెట్టింపయితే గాలి నిరోధం నాలుగు రెట్లవుతుంది. గరుకు ఉపరితలం తనను ఆనుకొని పారే గాలిపొరను కలచివేసి నిరోధాన్ని పెంచుతుంది. రెక్క ముందు అంచును గుండ్రంగా, వెనుక అంచును సన్నగా రుద్ది, పైన నునుపు చేస్తే అదే మోటారుతో మరింత ఎత్తు లభిస్తుంది. ఉప్పుకాగితం ఇంధనం ఖర్చు లేని ఇంధనమన్నమాట.

అందం తెచ్చే అపాయం

అయితే ఇక్కడొక హెచ్చరిక అవసరం. రెక్కలు వెనుక ఉంటాయి. లప్పం, జిగురు, రంగు ఎక్కువగా చేరేది అక్కడే. వెనుక బరువెక్కినకొద్దీ రాకెట్టు గురుత్వకేంద్రం వెనుకకు జరుగుతుంది. గాలి ఒత్తిడి కేంద్రం కంటె గురుత్వకేంద్రం కనీసం గొట్టం వ్యాసమంత ముందుగా ఉన్నప్పుడే రాకెట్టు నిటారుగా పోతుంది. ఆ దూరం తరిగిపోతే అది గాలిలో పల్టీలు కొట్టి ఎటు దూసుకుపోతుందో చెప్పలేము. చూడ ముచ్చటగా తీర్చిదిద్దిన రాకెట్టే ప్రమాదకారి కాగలదు.

దీనికి పరీక్ష సులభం. కాల్చని మోటారును, మడిచిన పారాచూట్‌ను లోపల అమర్చి, రాకెట్టు సమంగా తూగే చోట దారం కట్టాలి. మండించే తీగ మాత్రం పెట్టకూడదు. దారం పట్టుకొని తల చుట్టూ వలయంగా తిప్పాలి. మొన ముందుకు తిరిగి స్థిరంగా పోతే రాకెట్టు నమ్మదగినది. అడ్డంగా గాని, వెనుక ముందుగా గాని తిరిగితే మొనలో కొంచెం బంకమట్టి బరువు చేర్చి మరల పరీక్షించాలి. బాగుచేసిన ప్రతి రాకెట్టుకూ ఈ పరీక్ష తప్పనిసరి.

బాగుచేయకూడనిది

గొట్టం, రెక్క, మొన, తాడు, పారాచూట్, అన్నిటినీ బాగుచేయవచ్చును. ఒక్కదానిని మాత్రం ముట్టరాదు. అది మోటారు. తుపాకిమందు తన బయటి తలం మీదనే మండుతుంది. గట్టిగా దట్టించినప్పుడు ఆ తలం విస్తీర్ణం ఎంతో ముందే తెలుసు. ఒత్తిడి అదుపులో ఉంటుంది. మోటారు కింద పడినా, ఎండకూ చలికీ మారి మారి గురయినా లోపలి మందు బీటలు వారవచ్చును. బీట వారితే మండే తలం ఒక్కసారిగా పెరిగి, ఒత్తిడి హద్దు మీరి గొట్టం పగులుతుంది. ఆ బీట బయటికి కనిపించదు. అందువలన పడిన మోటారును అతకరాదు, విప్పరాదు. కాలిన డొల్లలో తిరిగి మందు నింపరాదు. అధికృత సంస్థ పరీక్షించి ఆమోదించిన మోటారునే వాడాలని, విద్యుత్తుతో దూరం నుండి మాత్రమే మండించాలని నియమావళి శాసిస్తుంది. చిన్న మోటార్లకు ఆ దూరం సుమారు అయిదు మీటర్లు. మన దేశంలో పేలుడు పదార్థాల తయారీకి లైసెన్సు తప్పనిసరి అని కూడ పాఠకులు గుర్తుంచుకోవాలి.

1957 నాటి పెరటి ప్రమాదాల నుండి నేర్చుకొన్న పాఠం ఇదే. బాలుని చేతికి గొట్టమూ, రెక్కా, జిగురూ ఇచ్చి, మంటను మాత్రం నిపుణుల చేతిలో ఉంచారు. పెన్‌రోజ్ ఊరి బయట దూరదూరంగా నిలిచిన కట్టడాల అర్థం అది.

అటక మీది రాకెట్లు

1960, 1970 దశాబ్దాలలో పోస్టుమాన్ కోసం వాకిట్లో ఎదురుచూచిన పిల్లలు నేడు తాతలయ్యారు. వారి అటకల మీద దుమ్ము పట్టిన పెట్టెలలో ఆనాటి రాకెట్లు బయటపడుతూ ఉంటాయి. కర్ర చెక్కుచెదరదు, జిగురు పట్టు విడువదు. రబ్బరు తాడు పొడి అవుతుంది, బొమ్మల అంటుకాగితాలు పసుపు బారుతాయి. అప్పుడు ఒక ప్రశ్న ఎదురవుతుంది. పాత రంగు గీకివేసి కొత్తగా మెరిపించాలా? లేక పదేళ్ల పిల్లవాడు వణికే చేతితో వేసిన ఆ చారికల పూతను అట్లాగే ఉంచాలా?

అనుభవజ్ఞులు పాటించే పద్ధతి వివేకవంతమైనది. ఎగరడానికి అవసరమైన ప్రతి భాగాన్నీ కొత్తదిగా మార్చాలి; తాడు, పారాచూట్, సడలిన అతుకు వీటి విషయంలో మమకారానికి తావు లేదు. ఆనాటి మోటారు పెట్టెలో దొరికినా దానిని కాల్చకూడదు. కాని పైపూత భద్రతకు అడ్డు కానంతవరకు దాని జోలికి పోనక్కరలేదు. ఏది మార్చాలో, ఏది నిలుపుకోవాలో తెలియడమే మరమ్మతు విద్యలోని పరిపక్వత.

కార్లయిల్ తొలి నమూనా వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ సంస్థ సేకరణలో భద్రంగా ఉన్నది. అది ఇక ఎగరదు. దాని సంతతి మాత్రం దేశదేశాల మైదానాలలో ఎగురుతూ, పడుతూ, అతుకులు వేయించుకొంటూ మళ్లీ లేస్తున్నది. మడత పడిన గొట్టాన్ని కోసి అతికిన చోట రంగు కింద సన్నని గీత ఒకటి మిగిలిపోతుంది. దగ్గరగా పట్టి చూస్తే గాని అది కనిపించదు. దానిని అతికిన పిల్లవాడు మాత్రం ఎంత దూరం నుండైనా గుర్తుపడతాడు.